తెలుగు నేర్వాలంటే పొసోలే వండండి

ఈసారి నేను చెప్పే మాట కొందరికి నచ్చకపోవచ్చు. పిల్లలకు తెలుగు రావాలంటే ఇంట్లో వాళ్ళతో పప్పు, పులిహోర వండించమని అందరూ అంటారు. నేను మాత్రం మెక్సికో వంట ఒకటి వండించమంటాను. దాని పేరు పొసోలే. సున్నపు నీళ్ళలో ఉడికించిన మొక్కజొన్న గింజలు, కోడిమాంసం, ఎండుమిరపకాయలు కలిపి కాచే వంట అది. చింతపండు లేదు కాబట్టి పులుసు అనలేం. చారు అందామంటే అంత పలచన కాదు. కూర అందామంటే గిన్నెలో పోసుకుని తాగేంత నీరు ఉంటుంది. పేరు పెట్టే దగ్గరే మనం ఆగి ఆలోచించాల్సి వస్తుంది. నాకు కావలసింది ఆ ఆలోచనే.

ముందు సమస్య ఏమిటో చెబుతాను. నేను చదివింది ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మలయ్, బడిలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు 50 ఏళ్ళు దాటాక సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు అరవైల్లో ఉన్నాను. గుడిలో సేవకు వెళ్తుంటాను. నా పని ఎక్కువగా వంటశాలలోనే: కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం, వడ్డించడం. పండుగ రోజుల్లో మన తెలుగు పిల్లలు కూడా సాయానికి వస్తారు. మంచి పిల్లలు, పనికి వెనకాడరు. వాళ్ళకు వస్తువుల పేర్లు బాగానే తెలుసు. బెల్లం, కొబ్బరి, కరివేపాకు, గరిటె, పళ్ళెం, అన్నీ చెబుతారు. పని దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది. "ఇది కట్ చేయాలా?" "అది మిక్స్ చేయాలా?" "దీన్ని బాయిల్ చేయాలా?" అని అడుగుతారు. ఇంగ్లీషు క్రియ ఒకటి తెచ్చి దానికి "చేయు" తగిలిస్తారు. ఆ ఒక్క మాటతో బండి మొత్తం నడిచిపోతుంది.

అంటే పేర్లు వచ్చాయి, పనులు రాలేదు. నామవాచకాలు సముద్రం దాటాయి, క్రియలు ఒడ్డునే ఉండిపోయాయి. పిల్లలను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. పెద్దవాళ్ళం మనం కూడా అలాగే మాట్లాడుతున్నాం కదా.

సింగపూరులో ఇది ఇంకా పెద్ద సమస్య. ఇక్కడి బడుల్లో మాతృభాషగా చదవడానికి భారతీయ భాషల్లో తమిళం ఉంది. దానితో పాటు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా ఉన్నాయి. తెలుగు ఆ వరుసలో లేదు. మన పిల్లలకు తెలుగు పరీక్ష లేదు, మార్కులు లేవు, బడిలో గంట లేదు. మిగిలింది ఇల్లు ఒక్కటే. ఇంట్లో వంటగది కూడా మూగబోతే ఇంకెక్కడ వింటారు? నా కొడుకు, కోడలు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుకుంటారు. నా మనవరాలికి 13 ఏళ్ళు. ఆమెకు పూర్తి వాక్యాలు అందకపోతే మా ఇంట్లో తెలుగు నా తరంతో ఆగిపోతుంది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

సరే, మరి పప్పుతోనే నేర్పవచ్చు కదా అంటారా? నేర్పవచ్చు. కానీ పప్పు వండేటప్పుడు మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా భార్యకు చెయ్యి తిరిగిన పని అది. కుక్కరు కూస్తుంది, పోపు చిటపటలాడుతుంది, పని అయిపోతుంది. పక్కన నిలబడిన పిల్లకు వినిపించే తెలుగు ఎంత? "అది ఇటివ్వు", "మూత తీయి", "కొంచెం పక్కకు జరుగు". ఎవరికీ తెలియని వంట పెట్టుకుంటే అందరం సమానమే. అమ్మమ్మకు తెలియదు, తాతకు తెలియదు, పిల్లకూ తెలియదు. ప్రతి మెట్టు దగ్గరా ఒకరిని ఒకరు అడగాలి, చెప్పాలి, వాదించుకోవాలి. అలవాటు లేని చోటే మాట పుడుతుంది.

తెలియని వంటలు వెయ్యి ఉన్నాయి. వాటిలో పొసోలేనే ఎందుకు ఎంచుకున్నానంటే, దానిలోని గింజకు ఒక కథ ఉంది. మనలాంటి వాళ్ళు తెలుసుకోవలసిన కథ అది.

మొక్కజొన్న మెక్సికోలో పుట్టిన పంట. అక్కడి వాళ్ళు చాలా పాతకాలం నుంచి ఆ గింజను సున్నమో బూడిదో కలిపిన నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి తింటున్నారు. అలా తయారైన గింజను నిష్తమాల్ అంటారు. సున్నం చేసే మేలు రెండు రకాలు. ఒకటి, గింజ పైన ఉండే గట్టి పొరను వదులు చేస్తుంది. రెండు, గింజలో బంధించి ఉన్న నియాసిన్ అనే విటమిన్‌ను విడిపిస్తుంది. సున్నం లేకుండా వండితే ఆ విటమిన్ గింజలో ఉన్నా మన ఒంటికి పెద్దగా అందదు.

కొలంబస్ కాలం తర్వాత మొక్కజొన్న ఓడెక్కి యూరపుకు వెళ్ళింది. గింజ వెళ్ళింది కానీ సున్నం పద్ధతి వెళ్ళలేదు. మొక్కజొన్న తప్ప మరొకటి కొనలేని పేదవాళ్ళకు వింత జబ్బు పట్టుకుంది. ఎండ తగిలిన చోట చర్మం మందమై పగిలేది. విరేచనాలు, ఆపైన మతి చలించడం, చివరికి చావు. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు ఈ జబ్బును వర్ణించారు. తర్వాత ఇటలీలో దానికి పెల్లాగ్రా అని పేరు పడింది. గరుకు చర్మం అని దాని అర్థం. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది వేలమందిని బలి తీసుకుంది. అది అంటువ్యాధి అని చాలామంది నమ్మారు. 1914లో ఆ పని చేపట్టిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అది అంటువ్యాధి కాదు, తిండి లోపం అని చూపించారు. 1937లో కాన్రాడ్ ఎల్వెహెమ్ బృందం, కుక్కల్లో వచ్చే ఇలాంటి జబ్బును నియాసిన్ మాన్పుతుందని కనుక్కుంది.

మన తెలుగు నేలకూ ఈ జబ్బు కొత్త కాదు. 1960ల్లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థలో సి. గోపాలన్, ఆయన సహచరులు జొన్నే ముఖ్య ఆహారంగా బతికే పేదల్లో పెల్లాగ్రాను పరిశీలించారు. అక్కడ గింజ వేరు, కానీ తిండి ఒక్క గింజ మీదే ఆధారపడినప్పుడు వచ్చే ముప్పు అదే.

తెలుగులో "ఒంటికి పట్టడం" అని మంచి మాట ఉంది. కడుపు నిండడం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఆ పేదల కడుపు నిండింది, తిన్నది ఒంటికి పట్టలేదు. మన పిల్లల తెలుగు కూడా అలాగే ఉందని నా భయం. దోసె, ఇడ్లీ, అమ్మమ్మ, తాత, పండుగ: నోరు నిండా పేర్లు ఉన్నాయి. ఆ పేర్లను కలిపి వాక్యం చేసే క్రియలు లేవు. గింజ ఉంది, సున్నం లేదు.

ఇక వంటకు వద్దాం. ఇది ఆరుగురికి సరిపోయే కొలత. చదువుతూ క్రియల మీద కన్ను వేసి ఉంచండి.

ఎండిన తెల్ల మొక్కజొన్న గింజలు అర కిలో కావాలి. పాప్‌కార్న్ గింజలు పనికిరావు. సున్నం కోసం లిటిల్ ఇండియాలో తమలపాకులు అమ్మే కొట్టుకు వెళ్ళండి. తమిళంలో సుణ్ణాంబు అని అడిగితే ఇస్తారు. మలయ్ వాళ్ళు దాన్ని కపూర్ సిరిహ్ అంటారు. కపూర్ బారూస్ అని అడిగితే మాత్రం కర్పూరం చేతిలో పెడతారు, జాగ్రత్త! రంగు, వాసన కలపని తెల్ల సున్నమే కొనండి. గోడలకు వేసే సున్నం వద్దు.

స్టీలు గిన్నెలో 2 లీటర్ల నీళ్ళు పోసి సున్నం కలపండి. పొడి సున్నమైతే 5 గ్రాములు, తడి సున్నమైతే సుమారు 10 గ్రాములు. అల్యూమినియం గిన్నె వాడకండి, సున్నం దాన్ని తినేస్తుంది. సున్నపు నీళ్ళు కంట్లో చిందకుండా చూసుకోండి. కడిగిన గింజలు అందులో వేసి మరిగించండి. మరిగాక మంట తగ్గించి 30 నుంచి 40 నిమిషాలు ఉడికించండి. గింజ పసుపు రంగుకు తిరుగుతుంది. రెండు వేళ్ళ మధ్య నలిపితే పొర జారిపోవాలి. అప్పుడు పొయ్యి ఆపి, మూత పెట్టి, రాత్రంతా నాననివ్వండి. పొద్దున్నే నీళ్ళు వంపేసి, గింజలను రెండు అరచేతులతో రుద్దుతూ నాలుగైదు సార్లు కడగండి. పొరలు ఊడి నీళ్ళ మీద తేలతాయి. నీళ్ళు తేటగా అయ్యేవరకు కడగాలి. ఓపిక ఉంటే ప్రతి గింజ కొననా ఉండే గట్టి ముక్కను గోటితో గిల్లేయండి. అలా గిల్లిన గింజ ఉడికేటప్పుడు పువ్వులా విచ్చుకుంటుంది.

ఆ గింజలను మంచినీళ్ళలో మళ్ళీ ఉడికించండి. మామూలు గిన్నెలో 2 నుంచి 3 గంటలు పడుతుంది. కుక్కరులో అయితే ముప్పావు గంట చాలు. గింజ విచ్చుకునేదాకా ఉప్పు వేయకండి.

ఈలోపు కోడి సంగతి చూడండి. మా తంజోంగ్ పగార్ ప్లాజా మార్కెట్టులో కోడిని అడిగినట్టు కొట్టి ఇస్తారు. ఎముకతో ఉన్న మాంసం కిలో పావు తీసుకోండి. ఒక ఉల్లిపాయ, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి నీళ్ళలో 40 నిమిషాలు సన్నని మంట మీద ఉడికించండి. మాంసం బయటికి తీసి, చల్లారాక ఎముకల నుంచి ఊడదీసి, పీచులుగా చీల్చండి. ఆ నీళ్ళు పారబోయకండి, రుచి అంతా అందులోనే ఉంది.

మిరపకాయల దగ్గర ఆలోచించాలి. మెక్సికోలో గ్వాహియో, ఆంచో అనే ఎండుమిరప వాడతారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. గుంటూరు మిరప వేస్తే గిన్నె దగ్గరికి ఎవరూ రారు. బ్యాడిగి మిరప బాగుంటుంది. వరంగల్ వైపు పండే చపాటా మిరప దొరికితే ఇంకా బాగుంటుంది. పది కాయలు తీసుకుని, తొడిమలు తుంచి, గింజలు దులపండి. వేడినీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, రెండు వెల్లుల్లి రెబ్బలతో మెత్తగా నూరి, వడకట్టండి. ఆ ముద్దను రెండు చెంచాల నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించండి. తర్వాత కోడి నీళ్ళు, గింజలు, చీల్చిన మాంసం, ఈ ముద్ద అన్నీ ఒక్క గిన్నెలో కలిపి అరగంట కాగనివ్వండి.

వడ్డించేటప్పుడు పైన సన్నగా తరిగిన క్యాబేజీ, చక్రాలుగా కోసిన ముల్లంగి, ఉల్లిపాయ ముక్కలు వేసుకోవాలి. పిజ్జా కోసం కొన్న ఒరెగానో ఉంటే అరచేతిలో నలిపి చల్లండి. నిమ్మకాయ పిండండి. మాంసం తినని వాళ్ళు పుట్టగొడుగులతో చేసుకోవచ్చు, గింజలే కడుపు నింపుతాయి.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి క్రియలు లెక్కపెట్టండి. మరిగించు, ఉడికించు, నలుపు, నాను, వంపు, రుద్దు, కడుగు, ఊడు, తేలు, గిల్లు, విచ్చుకొను, చీల్చు, తుంచు, దులుపు, నూరు, వడకట్టు, వేయించు, కాగు, తరుగు, కోయు, చల్లు, పిండు. ఇవి 20 దాటాయి. ఒక్కటి కూడా "ఇంగ్లీషు మాట ప్లస్ చేయు" కాదు. పప్పు వండినా ఇన్ని రావచ్చు, కానీ అక్కడ ఎవరూ వాటిని పైకి అనరు.

ఇంకో లాభం కూడా ఉంది. తెలుగులో చాలా క్రియలు జంటగా ఉంటాయి. దానంతట అది జరిగేది ఒకటి, మనం జరిపించేది ఒకటి. గింజలు నానుతాయి, నేను నానబెడతాను. నీళ్ళు మరుగుతాయి, నేను మరిగిస్తాను. మిరపముద్ద వేగుతుంది, నేను వేయిస్తాను. పొర ఊడుతుంది, నేను ఊడదీస్తాను. ఇంగ్లీషులో ఈ రెండింటికీ చాలాసార్లు ఒకే మాట సరిపోతుంది. మనలాంటి వాళ్ళం తడబడేది ఇక్కడే. పుస్తకంలో ఈ జంటల పట్టిక చూసి నేను ఎన్నిసార్లు బట్టీ పట్టినా నిలవలేదు. పొయ్యి ముందు నిలబడితే నిలుస్తుంది, ఎందుకంటే రెండూ కళ్ళెదుట జరుగుతాయి.

మా మనవరాలు ఒక ఆదివారం గిన్నెలోకి తొంగి చూసి, "తాతా, నీళ్ళు బాయిల్ అవుతున్నాయి" అంది.

"మరుగుతున్నాయి అనమ్మా" అన్నాను.

"మరి గింజలు కూడా మరుగుతున్నాయా?"

"లేదు. గింజలు ఉడుకుతాయి."

కాసేపు ఆలోచించి, "అంటే మెత్తగా అయ్యేది ఉడుకుతుంది, బుడగలు వచ్చేది మరుగుతుంది" అంది. నేను ఏ పుస్తకంలోనూ ఇంత చక్కగా చదవలేదు. తెలంగాణలో వేడినీళ్ళను "ఉడుకు నీళ్ళు" అంటారని నా భార్య గుర్తు చేసింది. అదీ నిజమే. అప్పుడు ఆ రూలు ఎలా మార్చాలో ముగ్గురం చర్చించాం. ఒక్క గిన్నె ముందు అంత తెలుగు మా ఇంట్లో ఎప్పుడు మాట్లాడామో నాకు గుర్తులేదు.

కొందరు స్నేహితులు నాతో అంటారు: "మన వంటలే మరుగున పడుతున్నాయి, ఇంకా పరాయి వంటలా?" వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మన వంటింట్లో ఏది పరాయి? మిరపకాయ, టమాటా, వేరుశెనగ, జామ, సీతాఫలం, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మిరపకాయ లేని ఆవకాయను ఊహించండి! మన పెద్దలు కొత్త గింజను చూసి భయపడలేదు. జొన్న తెలుసు కాబట్టి కొత్తదాన్ని మొక్కజొన్న అన్నారు. చింత తెలుసు కాబట్టి మెక్సికో నుంచి వచ్చిన చెట్టును సీమచింత అన్నారు. తెలంగాణలో మక్కలు అన్నారు, ఉడికించి మక్క గుడాలు చేసుకున్నారు. కోస్తాలో గుగ్గిళ్ళు అన్నారు. ఆ రోజుల్లో తెలుగు కొత్త వస్తువుకు ఎదురు వెళ్ళి చెయ్యి పట్టుకుంది. మన ఇళ్ళలో అది అమ్మమ్మల వంటలకే పరిమితమైతే, పిల్లలు దాన్ని పాత సామాను కింద లెక్క వేస్తారు. కొత్త వంటను కూడా తెలుగులో చెప్పగలిగితే, అది ఈ రోజు పనికొచ్చే భాష అని వాళ్ళకే తెలుస్తుంది.

ఇంకొక మాట. పొసోలే అనే పేరు నావాట్ల్ భాష నుంచి వచ్చింది. మెక్సికోలో ఇప్పటికీ 16 లక్షలకు పైగా మనుషులు ఆ భాష మాట్లాడతారు. టమాటా, చాక్లెట్, అవకాడో, చిల్లీ, ఈ మాటలన్నీ అందులోంచే ప్రపంచమంతా పాకాయి. నావాట్ల్ నామవాచకాలు ప్రతి సూపర్ మార్కెట్టులోనూ ఉన్నాయి. వాటిని వాడే మనలో ఎవరైనా నావాట్ల్ మాట్లాడుతున్నామా? లేదు. పేర్లు మిగిలితే భాష మిగిలినట్టు కాదు. దోసె, బిర్యానీ, ఆవకాయ ప్రపంచమంతా తెలిసినంత మాత్రాన తెలుగు బతికినట్టు కాదు. మన పిల్లలు "ఉడికిందా?", "ఉడికించావా?" అనే రెండు ప్రశ్నలకు తేడా తెలుసుకుని జవాబు చెబితే, అప్పుడు బతికినట్టు.

అందుకే నా సలహా ఇది. శనివారం రాత్రి గింజలు సున్నంలో నానబెట్టండి. ఆదివారం ఇంట్లో అందరూ వంటగదిలోకి రావాలి. ఒకే ఒక్క నియమం పెట్టుకోండి: ఇంగ్లీషు క్రియకు "చేయు" తగిలించకూడదు. వస్తువుల పేర్లు ఏ భాషలో అన్నా పరవాలేదు. క్యాబేజీని క్యాబేజీ అనండి, కుక్కరును కుక్కరు అనండి. పని మాత్రం తెలుగులో చెప్పాలి. మాట తెలియకపోతే చేత్తో చూపించి, "దీన్ని ఏమంటారు?" అని పెద్దవాళ్ళను అడగాలి. ఫోను చేసి ఊళ్ళో ఉన్న పిన్నినో మామయ్యనో అడిగినా సరే. వాళ్ళు ఒక మాట చెబుతారు, వాళ్ళ పక్కన ఉన్నవాళ్ళు "కాదు, మా వైపు ఇలా అంటారు" అని ఇంకో మాట చెబుతారు. రెండూ రాసుకోండి. పొసోలే ఉడకడానికి మూడు గంటలు పడుతుంది, మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి సమయం మనకు వారంలో దొరకదు.